వద్దన్న ఆదివారం

థార్న్‌బెక్, లింకన్‌షైర్
1954 ఏప్రిల్ 20, మంగళవారం

ప్రియమైన హిల్డా అక్కా,

నువ్వు పంపిన వెన్న అందింది. ఈ రేషన్ రోజుల్లో నీ లాడ్జిలో ఏ అతిథి రొట్టె మీద కోత పెట్టి పంపావో గానీ, ఈస్టర్ రోజున మా ఇంట్లో కేకు కేకులా ఉంది. డొరీన్ రెండు ముక్కలు తిని, మూడోది జెఫ్ డౌస్ కోసం కాగితంలో చుట్టుకుపోయింది.

విషయం ఆ జెఫ్ గురించే. పెళ్లి చేసుకుంటామంటున్నారు. వచ్చే ఆదివారం నుంచి మూడు ఆదివారాలు చర్చిలో పెళ్లి ప్రకటన చదువుతారు. నా కూతురికి ఇంకా ఇరవై ఒకటి నిండలేదు, వాళ్ల నాన్న లేడు, కాబట్టి సరే అనాల్సింది నేనే. పాదిరి ఆమ్‌కాట్ గారు ఇంటికొచ్చి, "మీకేమీ అభ్యంతరం లేదు కదమ్మా?" అని అడిగారు. లేదన్నాను. టీ పోస్తూ అన్నాను, ఆయన మొహం చూడలేదు.

నీ దగ్గర దాచేదేముంది. నాకు మనసొప్పడం లేదు. కుర్రాడు బంగాళాదుంపల లారీ నడుపుతాడు. తల్లి చలికాలమంతా పరాయి పొలాల్లో వంగి దుంపలేరుతుంది. మర్యాదస్తుడే గానీ నోరు విప్పడు. మన నాన్నని చూశాక, నోరు విప్పని మగాడంటే నాకు భయం.

పెళ్లి జంట తమ ప్రకటన తాము వినకూడదు కదా. వింటే పుట్టే పిల్లలకి చెవుడొస్తుందని అమ్మమ్మ చెప్పేది గుర్తుందా? డొరీన్ ఇవన్నీ నమ్మనంటూనే, ఆదివారం ఊళ్లో ఉండనంటోంది. శనివారం బస్సుకి ఇద్దరూ నీ దగ్గరికొస్తారు. చదవడం అయ్యాక గంటలు మోగించాలి. గోపురంలోని ఐదు గంటల్లో, యుద్ధం రోజుల్లో మగాళ్లు లేక నా చేతికిచ్చిన మూడోదాని తాడు ఇంకా నాదే. ఈసారి అది లాగడానికి చేతులు రావేమోననిపిస్తోంది.

ఒక పని చేసిపెట్టు. ఆ అబ్బాయి, నేను లేని చోట దానితో ఎలా మాట్లాడతాడో చూసి, ఉన్నదున్నట్టు రాయి.

నీ చెల్లెలు,
ఎనిడ్


సీవ్యూ లాడ్జి, స్కెగ్‌నెస్
ఏప్రిల్ 26

ఎనిడ్,

పిల్లలు వచ్చారు, వెళ్లారు. ఇద్దరికీ చెరో చివరా గది ఇచ్చి మధ్యలో నేను పడుకున్నాను. గాడ్ ఫర్బిడ్, దేవుడు అలా జరగనివ్వకూడదు గానీ, నా లాడ్జికి చెడ్డపేరొస్తే వేసవిలో ఎవడొస్తాడు? నవ్వకు. ఈ మాట నా నోటికి ఊతపదమైపోయిందని డొరీన్ కూడా ఏడిపించింది. భోజనం దగ్గర నేను 'గాడ్ ఫర్బిడ్' అన్నప్పుడల్లా ఇద్దరూ టేబుల్ కింద కాళ్లు తన్నుకున్నారు.

కుర్రాడు పెట్టింది పెట్టినట్టు తిన్నాడు. తిన్నాక గిన్నెలు తుడవడానికి తనే లేచాడు. మా ఆయన బతికున్నన్నాళ్లూ గిన్నె ఎక్కడుంటుందో ఎరగడు, ఈ అబ్బాయి నయమే అనుకున్నాను. ఆ సంతోషం కాసేపే. వంటగదికీ భోజనాల గదికీ మధ్య వంటకాలందించే చిన్న కిటికీ ఉంది కదా, దాని దగ్గర నేను దుప్పట్లు మడతపెడుతున్నాను. లోపల ఇద్దరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి అతని గొంతు పెద్దదైంది. "ఒక్క అడుగు కదిలావంటే ఊరుకోను. ఫర్బిడ్ చేస్తున్నాను డొరీన్. అంతే. ఇంక దాని గురించి మాట్లాడకు" అన్నాడు.

డొరీన్ బయటికొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏమైందే అంటే, "ఏం లేదు పెద్దమ్మా, ఉల్లిపాయలు" అంది. ఆ పూట నా వంటింట్లో ఉల్లిపాయే లేదు.

ఆ మాట ఎవరంటారు చెప్పు? మన ఊళ్లో ఎవరైనా 'వద్దు' అంటారు, 'కుదరదు' అంటారు, 'చేశావో చూడు' అంటారు. ఫర్బిడ్ అనే నిషేధపు మాట కాలవగట్టు మీద చేపలు పట్టకూడదని పాతిన బోర్డు మీద ఉంటుంది, పాదిరిగారి పుస్తకంలో ఉంటుంది, దేవుడి పేరు పక్కన నా నోట్లో ఉంటుంది. ఇంట్లో మనిషి మీద ఆ మాట వాడినవాణ్ని ఒక్కణ్నే చూశాను, మన నాన్నని. ఇక్కడ ఉద్యోగంలో చేరతానన్నప్పుడు అన్నాడు. మర్నాడే నేను పెట్టె సర్దుకున్నాను, మళ్లీ ఆయన శవం దగ్గరికే వచ్చాను. వద్దన్నవాడితో పోట్లాడొచ్చే ఎనిడ్. ఫర్బిడ్ అన్నవాడితో మాట్లాడటానికేముంది?

నువ్వు తల్లివి. చూసీ చూడనట్టు ఊరుకోకు.

నీ అక్క,
హిల్డా


థార్న్‌బెక్
మే 3

అక్కా,

ఊరుకోలేదు.

నిన్న రెండో ఆదివారం. పాదిరిగారు ఇద్దరి పేర్లూ చదివి, "వీరి వివాహానికి న్యాయమైన ఆటంకం ఏదైనా మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పవలసింది, ఇది రెండోసారి అడగడం" అన్నారు. ఇన్నేళ్లుగా ఎవరూ ఏమీ చెప్పింది లేదు కాబట్టి, ఆయన జవాబు కోసం చూడకుండానే కాగితం తిప్పబోయారు. నేను ముందు వరసలోంచి లేచాను. "నేను ఫర్బిడ్ చేస్తున్నాను" అన్నాను. నా గొంతు నాకే నాన్న గొంతులా వినబడింది. వెనక ఎవరిదో కీర్తనల పుస్తకం కింద పడింది.

ఆయన నన్ను పక్కగదిలోకి తీసుకెళ్లారు.

"కారణం ఏమిటమ్మా?"

"నేను తల్లిని. పిల్లకి ఇరవయ్యేళ్లు. కారణం చెప్పాలా?"

ఆయన పుస్తకం తీసి చాలాసేపు చూశారు. "అక్కర్లేదు. ఇంకొకరైతే కారణం చూపించాలి, రుజువు చేయాలి. మీరు అంటే చాలు. ఆ మాటకి అంత బలం ఉంది కాబట్టే చెబుతున్నాను, ఊరంతా వినేలా అన్నారు, ఇప్పటిదాకా చదివింది చెల్లదు. రేపు మీరు మనసు మార్చుకున్నా మళ్లీ మొదటినుంచి చదవాల్సిందే" అన్నారు.

గంటల గదిలో వాల్టర్ రే, మిగతావాళ్లూ తాళ్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఏం ఎనిడ్, మోగించాలా, మానాలా?" అన్నాడు వాల్టర్. తాళ్లు కట్టేయమన్నాను.

ఈసారి బస్సు డబ్బులు దండగని పిల్లలు నీ దగ్గరికి రాలేదు. చర్చి మాటలు వినబడని దూరంలో కాలవగట్టు మీద కూర్చున్నారు, గంటలు మోగాక వద్దామని. గంటలు మోగలేదు. అలా తెలిసింది వాళ్లకి. డొరీన్ భోజనం వేళకి ఒక్కతే వచ్చి, "ఎవరమ్మా లేచింది? తాగి వచ్చారా ఎవరైనా?" అంది. నేనే అన్నాను. అది నవ్వింది. నేను నవ్వలేదని చూసి ఆపేసింది. ఎందుకని అడిగింది. "తర్వాత నువ్వే నాకు దండం పెడతావు" అన్నాను. నీ పేరు బయటికి రాకూడదని ఇంకేమీ చెప్పలేదు.

మేడ మీద పెట్టె ఈడుస్తున్న చప్పుడవుతోంది. రెండు రోజుల్లో కోపం దిగుతుందిలే. నేను చేసింది సరైనదే కదా అక్కా? వెంటనే రాయి.

ఎనిడ్


స్కెగ్‌నెస్
మే 6

ఎనిడ్,

ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను.

డొరీన్ పెట్టెతో నా దగ్గరికే వచ్చింది. నేను ఒకప్పుడు ఎక్కిన ఆ బస్సే ఎక్కి వచ్చింది. రాత్రి భోజనం ముట్టలేదు. పొద్దున టీ తాగుతూ అంతా చెప్పింది. నువ్వు కూర్చుని చదువు.

ఆ రోజు వంటింట్లో స్కాట్లండ్ వెళ్లిపోదామని అన్నది డొరీనట. అక్కడ తల్లిదండ్రుల ఒప్పుకోలు అక్కర్లేదు కదా. "మా అమ్మ టీ పోస్తూ ఒప్పుకుంది. రోజూ ఆ ముడుచుకున్న మొహం చూడలేను. పోయి చేసుకుని వచ్చి చెబుదాం" అందట. దానికి ఆ పిల్లాడు, "మీ అమ్మ ముందు వరసలో కూర్చోకుండా నాకు పెళ్లి వద్దు. మీ పెద్దమ్మ భాషలో చెబుతున్నా విను, మీ అమ్మకి చెప్పకుండా ఒక్క అడుగు కదిలావంటే ఊరుకోను. ఫర్బిడ్ చేస్తున్నాను" అన్నాడట. నేను విన్నది ఆ తోక ముక్క. డొరీన్ కళ్లు ఎర్రబడింది తను అన్నదానికి సిగ్గుపడి.

ఆ మాట అతను నా నోట్లోంచే తీసుకున్నాడే. భోజనమంతా నేను ఊతపదంగా వాడి, అతని నోట వినగానే రాక్షసుణ్ని చూసినట్టు నీకు రాశాను. ఆ గిన్నెలు తుడిచిన గుడ్డ ఇంకా అక్కడే వేలాడుతోంది. అటు చూడలేకపోతున్నాను.

దుంపలేరేవాళ్ల కొడుకని నువ్వు వద్దన్నావని డొరీన్ అనుకుంటోంది. నా ఉత్తరం సంగతి దానికి తెలియదు. చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను, రాలేదు. ఇప్పుడు దానికి ఉన్నది నేనొక్కదాన్నే. నువ్వూ చెప్పకు, కొన్నాళ్లాగు. నన్ను తిట్టాలనిపిస్తే ఉత్తరంలో తిట్టు.

సిగ్గుమాలిన నీ అక్క,
హిల్డా


థార్న్‌బెక్
మే 11

అక్కా,

నిన్ను తిట్టడానికి నాకు మొహం లేదు. నేను చూడమంటే చూశావు, రాయమంటే రాశావు. నీ ఉత్తరం నాకు కారణం కాదక్కా, సాకు. అది రాకపోయినా మూడో ఆదివారానికి ఇంకొకటి వెతుక్కునేదాన్ని. డొరీన్ అనుకుంటున్నది పూర్తిగా తప్పు కాదు. ఇది రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

ఊళ్లో ఎవరూ ఏమీ అనరు. అదే బాధ. రొట్టెల కొట్లోకి అడుగుపెడితే మాటలు ఆగిపోతాయి, "మంచి ఎండ కాస్తోంది మిసెస్ మాల్ట్‌బీ" అంటారు. వాన పడుతున్నా అలాగే అన్నారు ఒకరు.

పాదిరిగారి దగ్గరికెళ్లి నా మాట వెనక్కి తీసుకుంటానన్నాను. మే 23 నుంచి మళ్లీ మొదటినుంచి చదువుతానన్నారు, పిల్లలిద్దరూ ఒప్పుకుంటే. అక్కణ్నుంచి డౌస్ వాళ్లింటికి వెళ్లాను. ఇన్నేళ్లలో ఆ గుమ్మం తొక్కడం ఇదే. జెఫ్ తల్లి నెల్ బట్టలు పిండుతోంది.

"రండి. నా చేతులు తడి, కుర్చీ మీరే లాక్కోండి" అంది.

నేను కూర్చోలేదు. తప్పయిపోయిందన్నాను.

"మావాణ్ని వద్దనుకుంటే ఇలా వచ్చి వద్దనాల్సింది. నేను నాలుగు అనేదాన్ని, మీరు నాలుగు అనేవారు, అయిపోయేది. చర్చిలో అనాలా? మేమక్కడే వెనక వరసలో ఉన్నాం. మా ఆయన ఆ రోజు చొక్కాకి కొత్త కాలరు పెట్టుకొచ్చాడు మిసెస్ మాల్ట్‌బీ. మీరు అటు తిరిగి ఉన్నారు, మీకు కనబడి ఉండదు."

అప్పుడే జెఫ్ వచ్చాడు, బూట్లు గుమ్మంలో విడిచి. "నిన్ను వేరే రకం మనిషివనుకున్నాను" అని అతనితో చెప్పాను. ఎందుకలా అనుకున్నానో చెప్పలేదు. అతను తన మేజోళ్ల వంక చూసుకుంటూ, "వాళ్ల పెద్దమ్మగారింట్లో నేనూ ఆ మాటే వాడానండీ ఓసారి, డొరీన్ మీద. సరదాకే అన్నాను, తను ఏడ్చింది. ఇంకెప్పుడూ అననని చెప్పాను" అన్నాడు. అక్కా, అతను నన్ను నాలుగు మాటలతో దులిపేసి ఉంటే ఇంటిదాకా తల ఎత్తుకుని నడిచేదాన్ని.

డొరీన్‌కి ఇప్పుడే ఏమీ చెప్పకు. తప్పు నాదనే ఉండనీ.

ఎనిడ్


స్కెగ్‌నెస్
మే 17

ఎనిడ్,

డొరీన్‌కి చెప్పేశాను. నువ్వు వద్దన్నాక కూడా. నా తప్పు నీ నెత్తిన పెట్టి నేను మంచి పెద్దమ్మలా దానికి రొట్టె కాల్చి పెడుతూ ఉండటం నా వల్ల కాలేదు.

అది అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "నువ్వు కిటికీలోంచి విన్నావు, సగమే విన్నావు. అమ్మ నన్ను అడగొచ్చు కదా పెద్దమ్మా? గోడ అవతలే పడుకుంటాను. తలుపు కొట్టి, ఏమే, వాడు నిన్ను బెదిరిస్తున్నాడా అని ఒక్క మాట అడగొచ్చు కదా? ఊరందరి ముందూ లేవడం అంతకంటే సుళువా?" అంది.

పెళ్లికి ఒప్పుకుంది. జూన్ 12, శనివారం. ఆదివారాలు ఇక్కడే ఉండి, పెళ్లికి ముందురోజు డౌస్ వాళ్లింటికి వెళుతుందట. నీ ఇంటికి రాదు. ఇంకో సంగతి రాయాలి. "అమ్మ నా పెళ్లికి రాకూడదు. ఫర్బిడ్ చేస్తున్నానని రాయి. ఆ మాటే రాయి, దానికి అర్థం అమ్మకి బాగా తెలుసు" అంది. నేను రాయనన్నాను. నువ్వు రాయకపోతే నేను రాస్తానంది. దాని చేతిరాతలో చదవడం కంటే ఇది నయమని రాస్తున్నాను. జెఫ్ ఆదివారం వచ్చినప్పుడు దానితో చాలాసేపు వాదించాడు. వద్దు, తప్పు అన్నాడే గానీ, ఆ మాట మాత్రం వాడలేదు. అది వినలేదు.

నేనిప్పుడు 'గాడ్ ఫర్బిడ్' అనడం మానేశాను. అతిథులు నాకు ఒంట్లో బాగాలేదనుకుంటున్నారు.

హిల్డా


థార్న్‌బెక్
జూన్ 7

అక్కా,

నిన్నటితో మూడు ఆదివారాలూ పూర్తయ్యాయి. వెనక ఎక్కడో కూర్చోవాలని ఉన్నా, మూడుసార్లూ ముందు వరసలోనే కూర్చున్నాను, అందరికీ నా వీపు కనబడాలని. పాదిరిగారు ఆటంకం ఏదైనా ఉందా అని అడిగి, ఇదివరకులా కాగితం తిప్పకుండా, ఈసారి ఆగారు. చర్చిలో దగ్గు కూడా లేదు. నా మెడ మీద అందరి కళ్లూ ఉన్నాయి. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. లేచినప్పటి ధైర్యం కంటే ఇలా కూర్చోవడానికే ఎక్కువ ధైర్యం కావాల్సివచ్చింది. తర్వాత వెళ్లి నా గంట మోగించాను.

నేను పెళ్లికి రాకూడదని డొరీన్ అన్నట్టు పాదిరిగారికి చెప్పాను. "చర్చి తలుపు తీసి ఉంటుందమ్మా, రావద్దనే హక్కు మీ అమ్మాయికి లేదు. మీరు వచ్చి కూర్చోవచ్చు" అన్నారు. నాకు హక్కుందట. హక్కుందని ఒకసారి లేచాను కదా. నేను రావడం లేదు. తెర వెనక గంటల గదిలోకి పక్క తలుపు గుండా రమ్మని వాల్టర్ అన్నాడు, ఎవరికీ తెలియదన్నాడు. నాకు తెలుస్తుంది కదా అన్నాను.

నువ్వు పంపిన వెన్నలో సగం దాచి ఉంచాను. కొట్లో కొన్నది కూడా కలిపి పెళ్లి కేకు చేశాను. శనివారం దారిలో ఆగి తీసుకెళ్లు. డొరీన్ అడిగితే ఎవరు చేశారో చెప్పు, అడక్కపోతే చెప్పకు.

ఎనిడ్


థార్న్‌బెక్
జూన్ 13, ఆదివారం

అక్కా,

నిన్న నీ అతిథులకి రాత్రి భోజనం పెట్టాలని చర్చి గుమ్మంలోంచే బస్సుకి పరిగెత్తావట. ఆ తర్వాత జరిగింది నీకు తెలియదు.

నేను ఇంట్లో ఏప్రన్ కట్టుకుని, చేయాల్సిన పనేమీ లేక గూస్‌బెర్రీ పళ్ల తొడిమలు తీస్తున్నాను. గంటలు మొదలయ్యాయి. ఒకటి, రెండు, తర్వాత ఏమీ లేదు, తర్వాత నాలుగు, ఐదు. మళ్లీ ఒకటి, రెండు, ఖాళీ. వాల్టర్ నా తాడు ఎవరికీ ఇవ్వలేదు. మంచి మనసుతోనే చేసి ఉంటాడు గానీ, నాకు తల కొట్టేసినట్టయింది. నేను లేనని పక్క ఊళ్లకి కూడా వినబడేలా మోగిస్తున్నారు. కిటికీ మూశాను. అయినా వినబడింది. కాసేపటికి ఆగిపోయాయి.

గేటు చప్పుడైంది. డొరీన్. గౌను అంచు మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుంది, బూట్లనిండా రోడ్డు దుమ్ము. జెఫ్ గేటు అవతలే ఆగిపోయాడు.

"పళ్లూడిన నోరులా మోగుతున్నాయి గంటలు. నా పెళ్లికి ఇలాగేనా?" అంది.

"నువ్వు రావద్దన్నావు కదే."

"అన్నాను." గౌను అంచు వదిలేసింది. "నువ్వు నిజంగా రాకుండా ఉంటావనుకోలేదు. నువ్వెప్పుడు విన్నావు గనక నా మాట?"

నేను అక్కడే ఏడ్చాను అక్కా, చేతిలో గూస్‌బెర్రీలతో. అడగాల్సింది డొరీన్, నిన్ను అడగాల్సింది అన్నాను. ఏప్రన్ విప్పబోతే, "పర్లేదు, అలాగే రా, అందరూ నిలబడి ఉన్నారు" అంది.

ఆ ఏప్రన్‌తోనే ఊరందరి మధ్య నుంచీ నడిచి వెళ్లాను. వాల్టర్ తాడు నా చేతికిచ్చాడు. కన్నీళ్లకి ఏమీ కనబడక ప్రతిసారీ ఆలస్యంగా లాగాను, మూడో గంట నాలుగో దాని మీద పడింది. ఇన్నేళ్లలో ఇంత ఘోరంగా ఎప్పుడూ మోగించలేదు. డొరీన్ తలుపు దగ్గర చివరిదాకా నిలబడి విన్నది.

క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. వెళ్లేటప్పుడు, "కేకులో వెన్న బాగా పడింది" అంది. "మీ పెద్దమ్మదే" అన్నాను. అంతే మాట్లాడుకున్నాం.

ఇవాళ పొద్దున చర్చిలో ముందు వరసకి వెళ్లలేదు. వెనక వరస దగ్గర ఆగాను. డౌస్ ఆయన అదే కాలరు పెట్టుకున్నాడు. నెల్ నన్ను చూసి, కీర్తనల పుస్తకం ఒళ్లోకి తీసుకుని, కాస్త పక్కకి జరిగింది. నేను కూర్చున్నాను.

నీ చెల్లెలు,
ఎనిడ్